ఒకేలా కనిపించే ఎర్ర నాచులను రూపంతో, రసాయనంతో వేరు చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తీరంలో దొరికిన ఎర్ర నాచు ఏ జాతిదో తెలుసుకోవాలనుకునే విద్యార్థులు, నాచు పెంపకం మొదలుపెట్టాలనుకునే మత్స్యకార కుటుంబాలు, ఎండునాచు కొనే చిన్న వ్యాపారులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. జవాబులన్నింటి వెనకా ఒకే అభిప్రాయం ఉంది. ‘ఇది ఏ జాతి?’ అనేది ఒక ప్రశ్న. ‘దీనిలో ఏముంది?’ అనేది మరొక ప్రశ్న. మొదటిదానికి ఎక్కువగా రూపం జవాబు చెబుతుంది, రెండోదానికి రసాయనం చెబుతుంది. ఒకదాని జవాబును మరొకదానికి అంటగట్టినప్పుడే చిక్కులు వస్తాయి.

ఎర్ర నాచుల్లో ఇంత గందరగోళం ఎందుకు?

ఇప్పటివరకు పేరు పెట్టిన ఎర్ర నాచులు 7,000 జాతులకు పైనే ఉన్నాయి. వీటికి పువ్వు లేదు, కాయ లేదు, నిజమైన ఆకూ వేరూ లేవు. నేలమీది మొక్కల్లో మన కన్ను వెంటనే వెతికే గుర్తులేవీ ఇక్కడ దొరకవు. మిగిలేది గుండ్రటి కొమ్మో పలచటి పట్టీయో, అది చీలిన తీరు, దానిమీది బొడిపెలు, ముళ్లు. వీటిని కూడా సముద్రం ఇష్టం వచ్చినట్టు మార్చేస్తుంది. అలలు బలంగా కొట్టే రాతిమీద పొట్టిగా, గుబురుగా పెరిగే నాచు నిలకడ నీటిలో పొడవుగా, పలచగా సాగుతుంది. చేపలు కొరికిన చోట కొత్త కొమ్మలు గుత్తులుగా పుట్టుకొచ్చి, మొక్క వేరే జాతిలా కనిపిస్తుంది.

రెండో కారణం జీవిత చక్రం. చాలా ఎర్ర నాచుల్లో సంయోగబీజాలను (జతకట్టే ఆడ, మగ కణాలను) ఇచ్చే మొక్కలు వేరు, సిద్ధబీజాలను (జతకట్టకుండానే మొలకెత్తే కణాలను) ఇచ్చే మొక్కలు వేరు. కొన్ని ప్రజాతుల్లో (దగ్గరి జాతుల గుంపుల్లో) ఈ రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. మరికొన్నింటిలో వాటికి పోలికే ఉండదు. జపాన్‌లో నోరిగా తినే పోర్ఫైరా రకం నాచుకు ఎండాకాలంలో ఏమవుతుందో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. గవ్వల్లోపల దారపు పోగుల్లా పెరిగే కాంకోసెలిస్ అనే ‘వేరే జాతి’ నిజానికి ఆ నాచు జీవితంలోని మరో దశే అని 1949లో బ్రిటిష్ శాస్త్రవేత్త కాథ్లీన్ డ్రూ బేకర్ నిరూపించారు. జపాన్ నోరి పరిశ్రమ నిలదొక్కుకోవడానికి ఆ ఒక్క గుర్తింపు పునాది అయింది. జాతిని సరిగ్గా గుర్తించడం పుస్తకాల పండితులకే సంబంధించిన విషయం అనుకునేవారికి ఈ సంగతి తప్పక చెప్పాలి.

ఎర్రగా ఉంటేనే ఎర్ర నాచా?

కాదు. ఫైకోఎరిత్రిన్ అనే వర్ణకం వల్ల ఆ రంగు వస్తుంది. ఎండ ఎక్కువగా తగిలినా, నీటిలో నత్రజని తగ్గినా ఆ వర్ణకం తగ్గిపోయి నాచు ఆకుపచ్చగా, గోధుమరంగుగా, గడ్డి పసుపుగా మారుతుంది. కప్పాఫైకస్ అనే ప్రజాతిలో ఒకే జాతికి ఎరుపు, గోధుమ, ఆకుపచ్చ రకాలు మూడూ పెంపకంలో ఉన్నాయి. కాబట్టి రంగును నోటు పుస్తకంలో రాసుకోండి, కానీ దాన్నిబట్టి పేరు పెట్టకండి.

వర్తకులు ‘కాటనీ’, ‘స్పైనోసం’ అనేవి ఏ జాతులు?

ప్రపంచంలో క్యారజీనన్ (ఎర్ర నాచుల నుంచి తీసే జెల్లీ పదార్థం) కోసం పెంచే నాచులో అత్యధిక భాగం ఈ రెండు వ్యాపార పేర్లతోనే చేతులు మారుతుంది. కాటనీ అంటే ఎక్కువగా కప్పాఫైకస్ అల్వారెజీ. స్పైనోసం అంటే యూకీమా డెంటిక్యులేటం. ఈ వ్యాపార పేర్లు పాత శాస్త్రీయ నామాల నుంచి మిగిలిపోయినవి. ఆ పాత పేరున్న అసలు కాటనీ జాతిని తర్వాత కప్పాఫైకస్ కాటనీ అన్నారు. అది అల్వారెజీ కాదు. అంటే బస్తామీద ఉన్న పేరుకూ, లోపలి జాతి శాస్త్రీయ నామానికీ పొంతన ఉండాలని లేదు.

మొదట వీటన్నింటినీ యూకీమా ప్రజాతిలోనే ఉంచారు. 1970ల ఆరంభంలో ఫిలిప్పీన్స్‌లో నాచు పెంపకాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యుడైన మాక్స్‌వెల్ డోటీ 1985లో అల్వారెజీ జాతిని వర్ణించారు. 1988లో ఆయనే కప్పా రకం క్యారజీనన్ ఇచ్చేవాటిని విడదీసి కప్పాఫైకస్ ప్రజాతిని ఏర్పరిచారు. ఒక ప్రజాతి సరిహద్దు గీయడంలో రసాయనానికి ఇంత పెద్ద పీట వేయడం ఆ రోజుల్లో సాహసమే. తర్వాత వచ్చిన డీఎన్‌ఏ పరీక్షలు ఆ విభజనను సమర్థించాయి.

ఈ రెండింటినీ చేతిలోకి తీసుకుని ఎలా గుర్తుపట్టాలి?

పచ్చి మొక్కైతే అంత కష్టం కాదు. ముందు ముళ్లు చూడండి. యూకీమా డెంటిక్యులేటంలో సన్నటి, మొనదేలిన ముళ్లు కొమ్మ చుట్టూ వలయాలుగా, కణుపుల్లా కనిపించే చోట్ల వరుసగా లేస్తాయి. లేత కొమ్మ చివరల్లో ఈ క్రమం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కప్పాఫైకస్ అల్వారెజీ కొమ్మలు నునుపుగా, లావుగా, కండపట్టి ఉంటాయి. వాటిమీద బొడిపెలు ఉన్నా వలయాల క్రమంలో ఉండవు.

ముదురు భాగాన్ని చూసి నిర్ణయించకండి. యూకీమా అడుగు కొమ్మల్లో ముళ్లు అరిగిపోతాయి. కప్పాఫైకస్‌లో దెబ్బతిన్నచోట చిన్న కొమ్మలు మొలిచి ముళ్లలా భ్రమింపజేస్తాయి. కనీసం నాలుగైదు మొక్కల లేత చివరలు చూశాకే ఒక మాట అనాలి.

అసలు కష్టం కప్పాఫైకస్ లోపలే ఉంది. అల్వారెజీ కొమ్మలు దూరదూరంగా చీలుతూ పొడవుగా సాగుతాయి. ఫిలిప్పీన్స్ రైతులు ‘సకోల్’ అని పిలిచే కప్పాఫైకస్ స్ట్రయేటస్ దగ్గరదగ్గరగా చీలి గుబురుగా, బంతిలా పెరుగుతుంది. పుస్తకంలో ఇది తేలికగానే కనిపిస్తుంది. కానీ తాడుకు కట్టి పెంచిన మొక్కల్లో నీటి వేగాన్ని బట్టి, కోత కోసిన తీరును బట్టి ఈ తేడా చెరిగిపోతుంది. మలేషియా సముద్రంలో దొరికే ఒక రకాన్ని చాలాకాలం ఈ రెండింటిలోనే ఎక్కడో ఒకచోట సర్దారు. 2014లో డీఎన్‌ఏ ఆధారంగా దాన్ని కప్పాఫైకస్ మలేసియానస్ అనే కొత్త జాతిగా వేరు చేశారు. ఈ ముగ్గురు తోబుట్టువుల విషయంలో కేవలం కంటిచూపుతో ధీమాగా పేరు చెప్పేవారిని నమ్మకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మైక్రోస్కోపు అందుబాటులో ఉంటే ఏమి చూడాలి?

కొత్త బ్లేడుతో కొమ్మకు పలచటి అడ్డుకోత తీయండి. నాచు మరీ మెత్తగా ఉంటే క్యారట్ ముక్క మధ్య పెట్టి కోస్తే కోత చక్కగా వస్తుంది. యూకీమా డెంటిక్యులేటం కోతలో సరిగ్గా నడిమధ్య సన్నటి తంతువులు కిక్కిరిసిన ఒక కేంద్ర స్తంభం కనిపిస్తుంది. దాని చుట్టూ పెద్ద కణాలు, అంచున రంగున్న చిన్న కణాలు ఉంటాయి. కప్పాఫైకస్ అల్వారెజీలో మధ్యభాగమంతా పెద్ద గుండ్రటి కణాలే పరచుకుని ఉంటాయి, అంత స్పష్టమైన తంతువుల స్తంభం కనిపించదు.

ముళ్లు విరిగిపోయిన ఎండునాచుకు కూడా ఈ పరీక్ష పనికొస్తుంది. ముక్కను కాసేపు నీటిలో నానబెట్టి మళ్లీ ఉబ్బనిచ్చి కోయాలి. కళాశాలల్లో ఉండే సాధారణ మైక్రోస్కోపు దీనికి చాలు.

కప్పా, అయోటా, లాంబ్డా క్యారజీనన్ల మధ్య తేడా ఏమిటి?

మూడూ గాలక్టోజ్ చక్కెర పొడవాటి గొలుసులే. రెండు చక్కెరల జంటను ఒక ప్రమాణంగా తీసుకుంటే, కప్పాలో ఆ జంటకు ఒక సల్ఫేటు, అయోటాలో రెండు, లాంబ్డాలో మూడు ఉంటాయి. కప్పా, అయోటాల్లో ఒక చక్కెరలో 3,6-అన్‌హైడ్రో అనే లోపలి వంతెన ఉంటుంది. ఆ వంతెన వల్లే గొలుసులు మెలికలు తిరిగి ఒకదాన్నొకటి పట్టుకుని జెల్లీ అవుతాయి. లాంబ్డాలో వంతెన లేదు, అందుకే అది నీటిని చిక్కబరుస్తుంది తప్ప గడ్డకట్టదు.

సల్ఫేట్లు తక్కువగా ఉన్న కప్పా పొటాషియం తగలగానే గట్టి, పెళుసు జెల్లీ అవుతుంది. కొంతసేపటికి దానినుంచి నీరు ఊరుతుంది. అయోటాకు కాల్షియం కావాలి. దాని జెల్లీ మెత్తగా, సాగుతూ ఉంటుంది. కలిపి చెదరగొట్టినా కాసేపు కదపకుండా ఉంచితే మళ్లీ కూడుకుంటుంది. నీరు వదలదు. మిల్లులు ఈ రెండు నాచులను వేరువేరుగా కొనేది ఇందుకే. కాటనీ బస్తాలో స్పైనోసం కలిస్తే మొత్తం సరుకు జెల్లీ బలం పడిపోతుంది.

వీటితో పాటు మరో విషయం కూడా గుర్తుంచుకోవాలి. అప్పుడే తీసిన నాచులో కప్పా, అయోటాలతో పాటు వాటి పూర్వరూపాలైన మ్యూ, న్యూ క్యారజీనన్లు కూడా కొంత ఉంటాయి. వేడి క్షారంతో ఉడికించినప్పుడు ఆ పూర్వరూపాల్లోని ఒక సల్ఫేటు ఊడిపోయి వంతెన ఏర్పడుతుంది. పరిశ్రమలు పొటాషియం హైడ్రాక్సైడ్ వాడేది ఈ మార్పు కోసమే. అందువల్ల క్షారంలో ఉడికించిన నమూనా ఫలితాన్ని, నీటిలో మాత్రమే ఉడికించిన నమూనా ఫలితంతో పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ప్రయోగశాల లేకుండా ఈ తేడా చూడగలమా?

కొంతవరకు చూడవచ్చు. ఎండునాచును ముందు మంచినీటిలో నాలుగైదుసార్లు బాగా కడగాలి. ఇది అలంకారానికి చెప్పే మాట కాదు. కప్పాఫైకస్ ఎండినప్పుడు దానిమీద పూసే తెల్లటి ఉప్పులో పొటాషియం క్లోరైడ్ చాలా ఉంటుంది. కడగకుండా ఉడికిస్తే ఆ పొటాషియమే జెల్లీని గట్టిపరిచి, మీ పరీక్ష మొత్తాన్ని తప్పుదోవ పట్టిస్తుంది.

కడిగిన నాచును సన్నగా తరిగి, దాని బరువుకు యాభై రెట్ల నీటిలో సన్నటి మంటమీద గంటసేపు ఉడికించి, వేడిగా ఉన్నప్పుడే గుడ్డతో వడకట్టండి. ఆ ద్రవాన్ని మూడు గిన్నెల్లో పోయండి. ఒకదానిలో ఏమీ కలపవద్దు. రెండోదానిలో చిటికెడు పొటాషియం క్లోరైడ్, మూడోదానిలో చిటికెడు కాల్షియం క్లోరైడ్ వేడిమీదే కలపండి. మూడింటినీ చల్లారనివ్వండి.

పొటాషియం గిన్నె గట్టిపడి, చాకుతో కోస్తే అంచులు పదునుగా వచ్చి, పక్కన నీరు ఊరితే కప్పా పాలు ఎక్కువ. కాల్షియం గిన్నెలో మెత్తటి, ఊగిసలాడే జెల్లీ వచ్చి, చెంచాతో చెదరగొట్టినా మళ్లీ కూడుకుంటే అయోటా పాలు ఎక్కువ. ఏమీ కలపని గిన్నె కూడా గట్టిగా పేరుకుంటే అది అగార్ (మరో రకం జెల్లీ పదార్థం) ఇచ్చే నాచు కావచ్చు. దాన్ని నిర్ధారించడానికి ఆ గడ్డను వేడినీటిలో వేసి చూడండి. అగార్ 32 నుంచి 40 డిగ్రీల మధ్య గడ్డకడుతుంది, కానీ మళ్లీ కరగడానికి 85 డిగ్రీలకు పైగా వేడి కావాలి. కప్పా జెల్లీ సాధారణంగా తాను పేరుకున్న వేడికి కొద్దిగా పైనే కరిగిపోతుంది.

ఈ పరీక్ష నాచులో ఉన్న పదార్థం ఏ రకమో సూచిస్తుంది. అది ఏ జాతో చెప్పదు. పులుపు తగిలిన పాత్రలో ఉడికిస్తే గొలుసులు తెగిపోయి ఏదీ గడ్డకట్టదు, అది కూడా గుర్తుంచుకోండి.

ఎఫ్‌టీఐఆర్ నివేదిక ఇచ్చారు. దాన్ని ఎలా చదవాలి?

ఎఫ్‌టీఐఆర్ పరారుణ కాంతిని నమూనా ఎక్కడెక్కడ పీల్చుకుంటుందో గీత గీసి చూపిస్తుంది. ఎర్ర నాచుల విషయంలో మీకు కావలసినవి కొన్ని తరంగ సంఖ్యలే (గీత కింద అడ్డంగా రాసి ఉండే అంకెలు). 1240 నుంచి 1260 మధ్య ఎత్తైన శిఖరం ఉంటే సల్ఫేట్లు బాగా ఉన్నట్టు, అంటే క్యారజీనన్ వైపు మొగ్గు. 930 దగ్గరిది 3,6-అన్‌హైడ్రో వంతెన గుర్తు, ఇది అగార్‌లోనూ, కప్పా, అయోటాల్లోనూ ఉంటుంది. 845 దగ్గరిది గాలక్టోజ్ నాలుగో స్థానంలోని సల్ఫేటు. ఇది కప్పా, అయోటా రెండింటిలోనూ కనిపిస్తుంది. 805 దగ్గరిదే అసలు నిర్ణేత. అన్‌హైడ్రో చక్కెర రెండో స్థానంలోని సల్ఫేటును అది చూపిస్తుంది. 845తో పాటు 805 కూడా స్పష్టంగా లేస్తే అయోటా. 845 మాత్రమే బలంగా ఉండి 805 చిన్న మూపులా మిగిలితే కప్పా. లాంబ్డాలో 930 దాదాపు కనిపించదు, 830, 820 ప్రాంతంలో వెడల్పాటి ఎత్తు ఉంటుంది. 1250 దగ్గర బలహీనంగా ఉండి, 890 దగ్గర శిఖరం ఉంటే అగార్‌ను అనుమానించాలి.

నివేదికలో 805, 845 శిఖరాల నిష్పత్తి ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. కల్తీని పట్టిచ్చేది ఆ అంకే.

రసాయనం ఇంత స్పష్టంగా చెబుతుంటే రూపం చూడటం ఎందుకు?

ఎందుకంటే ఒకే రసాయనం చాలా జాతుల్లో ఉంటుంది. కప్పాఫైకస్ అల్వారెజీ, స్ట్రయేటస్ రెండూ కప్పానే ఇస్తాయి. వాటికి దూరపు చుట్టమైన హిప్నియా మస్సిఫార్మిస్ కూడా కప్పానే ఇస్తుంది. వర్ణపటాన్ని చూసి ఈ మూడింటిని విడదీయడం సాధ్యం కాదు.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. ఒకే జాతిలో రెండు రసాయనాలు ఉండవచ్చు. ఐర్లాండ్, కెనడా తీరాల్లో ‘ఐరిష్ మాస్’ అని సేకరించే కాండ్రస్ క్రిస్పస్ దీనికి చక్కటి ఉదాహరణ. దాని సంయోగబీజ మొక్కల్లో కప్పా రకం ఉంటుంది, సిద్ధబీజ మొక్కల్లో లాంబ్డా రకం ఉంటుంది. రెండు మొక్కలూ చూడటానికి ఒకటే. 1970ల్లో కెనడా పరిశోధకులు ఈ సంగతి వెలికితీసేదాకా, రాతిమీద పక్కపక్కనే పెరిగిన రెండు మొక్కల సారం వేర్వేరుగా ఎందుకు ప్రవర్తిస్తుందో అర్థమయ్యేది కాదు. తర్వాత రిసార్సినాల్ పరీక్ష వాడుకలోకి వచ్చింది. అన్‌హైడ్రో వంతెన ఉన్న మొక్క ముక్క ఆమ్లంలో రిసార్సినాల్‌తో కలిపి వేడిచేస్తే ఎర్రబడుతుంది, లాంబ్డా మొక్క ఎర్రబడదు. జాతిని కాక దశను చెప్పే పరీక్ష ఇది. గాఢమైన ఆమ్లంతో పని కాబట్టి ప్రయోగశాలలోనే చేయాలి.

ఆ రాళ్లమీదే మాస్టోకార్పస్ స్టెల్లేటస్ అనే నాచు కాండ్రస్‌తో కలిసి పెరుగుతుంది. సేకరించేవారు చాలాసార్లు రెండింటినీ కలిపే ఎండబెడతారు. వీటిని విడదీసేది రూపమే. మాస్టోకార్పస్ పట్టీ అంచులు లోపలికి వంగి కాలువలా ఉంటాయి, ముదిరిన మొక్క ఒంటినిండా చిన్న మొటిమలు లేస్తాయి. కాండ్రస్ పట్టీ చదునుగా ఉంటుంది, నీటి అడుగున దాని కొసలు నీలంగా మెరుస్తాయి. మాస్టోకార్పస్ సిద్ధబీజ దశ మరీ విచిత్రం. తారు పూసినట్టు రాతికి అంటుకున్న నల్లటి పొర అది. దాన్ని పెట్రోసెలిస్ అని వేరే ప్రజాతిగానే లెక్కించేవారు.

కప్పాఫైకస్, యూకీమాల కుటుంబంలో ఈ దశల గొడవ లేదు. రెండు దశల్లోనూ ఒకే రకం క్యారజీనన్ ఉంటుంది.

అగార్ ఇచ్చే నాచుల్లో ఎలా తేల్చుకోవాలి?

అగార్ కూడా గాలక్టోజ్ గొలుసే. అయితే క్యారజీనన్‌లో రెండు చక్కెరలూ డి రకానివి, అగార్‌లో ఒకటి డి, మరొకటి ఎల్. కుడిచెయ్యీ ఎడమచెయ్యీ లాంటి తేడా ఇది. పరమాణువులు అవే, అమరిక అద్దంలో ప్రతిబింబం. సల్ఫేట్లు చాలా తక్కువ కాబట్టి ఏ ఉప్పూ అవసరం లేకుండానే గడ్డకడుతుంది.

జెలీడియం, టెరోక్లాడియెల్లా, జెలిడియెల్లా మూడూ సన్నగా, తీగలా బిరుసుగా ఉండే నాచులు. పై చూపుకు ఒకటే. అడ్డుకోతలో రైజిన్లు అనే మందపాటి గోడల సన్నటి తంతువుల కోసం వెతకాలి. జెలీడియంలో అవి అంచు పొరకు దగ్గరగా ఎక్కువగా ఉంటాయి. టెరోక్లాడియెల్లాలో లోపలి దవ్వలో ఉంటాయి. జెలిడియెల్లాలో అసలు ఉండవు. సిస్టోకార్పులు (ఆడ మొక్కమీద బీజాలుండే బొడిపెలు) దొరికితే ఇంకా మంచిది. జెలీడియంలో వాటికి రెండు వైపులా రంధ్రాలు, టెరోక్లాడియెల్లాలో ఒకవైపే.

తమిళనాడులో రామనాథపురం తీరపు మహిళలు ఈదుతూ సేకరించే ‘మరికొళుందు పాసి’ జెలిడియెల్లా అసెరోసానే. వంగిన ప్రధాన కొమ్మకు ఇరువైపులా ఈకలా పొట్టి కొమ్మలు వరుసగా ఉండటం దాని ఆనవాలు. వారు ‘కంజి పాసి’ అనేది గ్రాసిలేరియా ఎడ్యులిస్. అది గుండ్రటి, రసభరితమైన కొమ్మలతో మెత్తగా ఉంటుంది. ఆ మహిళలు నీటి అడుగున చేతి స్పర్శతోనే ఈ రెండింటినీ విడదీస్తారు. ఆ నైపుణ్యాన్ని వర్గీకరణ శాస్త్రం ఇంకా ఎక్కువగా గౌరవించాలి.

గ్రాసిలేరియా, గ్రాసిలేరియాప్సిస్‌లను బయటి రూపంతో విడదీయడం దాదాపు అసాధ్యం. ఆడ మొక్కమీది సిస్టోకార్పును నిలువుగా కోయాలి. లోపలి బీజాల ముద్ద నుంచి బయటి గోడకు నాళాల వంటి పోషక కణాలు సాగి ఉంటే గ్రాసిలేరియా. అవి లేకపోతే గ్రాసిలేరియాప్సిస్. మగ మొక్క దొరికితే మరో ఆధారం ఉంది. గ్రాసిలేరియాలో చాలా జాతులకు మగ కణాలు గుంటల్లో ఉంటాయి, గ్రాసిలేరియాప్సిస్‌లో ఉపరితలంమీద పరచుకుని ఉంటాయి. బీజాలేవీ లేని మొక్క దొరికితే ప్రజాతిని కూడా తేల్చలేకపోవచ్చు.

రసాయనం ఇక్కడ నాణ్యతను చెబుతుంది. జెలీడియం అగార్‌లో సల్ఫేట్లు తక్కువ, జెల్లీ బలం ఎక్కువ. సూక్ష్మజీవులను పెంచే పళ్లేలకు అది మేలైనది. గ్రాసిలేరియా అగార్‌లో సల్ఫేట్లు ఎక్కువ. సోడియం హైడ్రాక్సైడ్‌తో శుద్ధి చేశాకే జెల్లీ బలపడుతుంది.

విశాఖ తీరపు రాళ్లమీద ఏవి కలగలిసి కనిపిస్తాయి?

ఆంధ్ర తీరం ఎక్కువగా ఇసుకే. విశాఖపట్నం, భీమునిపట్నం పరిసరాల్లోని రాళ్లే నాచులకు ప్రధాన ఆశ్రయం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం. ఉమామహేశ్వరరావు, ఆయన తోటివారు దశాబ్దాలపాటు ఈ నాచులను అధ్యయనం చేశారు. ఆటు సమయంలో అక్కడ గ్రాసిలేరియా కార్టికేటా, గ్రాటిలూపియా, హిప్నియా గుంపులు కలిసి కనిపిస్తాయి.

గ్రాసిలేరియా కార్టికేటా చదునైన పట్టీలు పదేపదే రెండుగా చీలుతూ గట్టిగా, తోలులా ఉంటాయి. గ్రాటిలూపియా కూడా పట్టీయే, కానీ వేళ్ల మధ్య రుద్దితే జారుడుగా, మెత్తగా ఉంటుంది. దాని అడ్డుకోతలో మధ్యన పెద్ద కణాలకు బదులు చిక్కుపడిన తంతువులు ఉంటాయి. గ్రాసిలేరియాలో మధ్యన పెద్ద పెద్ద కణాలుంటాయి. హిప్నియా మస్సిఫార్మిస్ కొమ్మల కొసలు కొక్కేల్లా వంగి ఇతర నాచులను చుట్టుకుంటాయి. హిప్నియా వాలెన్షియేలో ఆ కొక్కేలు ఉండవు, కొమ్మల నిండా పొట్టి ముళ్లలాంటి రెమ్మలుంటాయి. సన్నటి గ్రాసిలేరియాను హిప్నియా అనుకుంటే అడ్డుకోత తీసి చూడండి. హిప్నియాలో నడిమధ్య ఒక చిన్న కేంద్ర కణం చుట్టూ కణాలు అమరి ఉంటాయి, గ్రాసిలేరియాలో అలాంటి కేంద్రం కనిపించదు. ఆపైన ఉడికించి పొటాషియం పరీక్ష చేస్తే హిప్నియా కప్పా, గ్రాసిలేరియా అగార్ అని తేలిపోతుంది. రూపం, రసాయనం ఒకదాన్నొకటి బలపరిచే చక్కటి సందర్భం ఇది.

జెల్లీ పదార్థాలు కాక వేరే రసాయనాలు గుర్తింపుకు పనికొస్తాయా?

లారెన్సియా సమూహంలో పనికొస్తాయి. ఇవి బ్రోమిన్, క్లోరిన్ కలిసిన సమ్మేళనాలను తయారుచేస్తాయి. అసలు లారెన్సియా ప్రజాతిలో పైపొర కణాల్లో ‘చెర్రీ గోళాలు’ అనే మెరిసే గుండ్రటి బిందువులు కనిపిస్తాయి, ఆ సమ్మేళనాలు నిలవుండే చోట్లు అవే. దానికి దగ్గరి పాలిసాడాలో ఆ గోళాలు ఉండవు. అయితే ఎండబెట్టినా, ఫార్మలిన్‌లో వేసినా గోళాలు చెరిగిపోతాయి. సేకరించిన రోజే, సముద్రపు నీటిలో ఉంచి మైక్రోస్కోపులో చూడాలి.

పశువుల మీథేన్ తగ్గిస్తుందని ఇటీవల పేరు వచ్చిన అస్పరాగాప్సిస్‌లో రసాయనం జాతిని విడదీయదు. టాక్సిఫార్మిస్, అర్మాటా రెండింటిలోనూ బ్రోమోఫాం అనే బ్రోమిన్ సమ్మేళనం ఉంటుంది. వాటిని విడదీసేది రూపం. అర్మాటాకు గాలంలా ముళ్లు తిరిగిన కొమ్మలుంటాయి, టాక్సిఫార్మిస్‌కు ఉండవు. కానీ రెండింటి సిద్ధబీజ దశ దూదిపింజె లాంటి చిన్న ఎర్రటి ముద్దే, ఆ దశలో డీఎన్‌ఏ తప్ప దారి లేదు.

డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ఇవన్నీ అక్కర్లేదు కదా?

కాక్స్1, ఆర్‌బీసీఎల్ అనే జన్యువుల వరుసలు ఎర్ర నాచులకు బాగా పనికొస్తాయి. ప్రపంచవ్యాప్తంగా పెంచుతున్న అల్వారెజీ దాదాపు అంతా ఒకే జన్యు వంశానికి చెందినదని డీఎన్‌ఏ పరీక్షలే తేల్చాయి. కానీ పోల్చుకోవడానికి సరైన పేరున్న నమూనా వరుస ఉంటేనే ఫలితానికి అర్థం ఉంటుంది. జన్యు వరుసలను భద్రపరిచే నిధిలో తప్పు పేరుతో చేరిన వరుస మీ నమూనాకూ తప్పు పేరే పెడుతుంది. అందుకే డీఎన్‌ఏ పంపిన ప్రతి మొక్కలో ఒక భాగాన్ని ఎండు నమూనాగా దాచిపెట్టాలి.

పాత పుస్తకంలోని పేరు కొత్త పుస్తకంలో ఎందుకు లేదు?

చిలికా, పులికాట్ సరస్సుల నాచును పాత రచనల్లో గ్రాసిలేరియా వెర్రుకోసా అని రాశారు. ఆ పేరు కింద యూరప్‌లోనే రెండు వేర్వేరు జాతులు కలిసిపోయాయని 1995లో తేలింది. ఒకటి గ్రాసిలేరియా గ్రాసిలిస్, రెండోది గ్రాసిలేరియాప్సిస్ లాంగిసిమా. కాబట్టి పాత పేరును కొత్తదానితో యాంత్రికంగా మార్చకండి. నమూనా చూడకుండా ఏ కొత్త పేరు సరిపోతుందో చెప్పలేం.

జాతి తెలిసిపోతే తినవచ్చా?

పేరు తెలిసినంత మాత్రాన తినకండి. 1991లో గువామ్ దీవిలో ఎప్పటిలాగే గ్రాసిలేరియా తిన్న 13 మంది అస్వస్థులయ్యారు, వారిలో ముగ్గురు మరణించారు. వారు తిన్నది అక్కడివారు ఎన్నో ఏళ్లుగా తింటున్న నాచే. పాలీకావెర్నోసైడ్ అనే విషాన్ని తర్వాత దానినుంచి వేరుచేశారు. ఎన్నాళ్లుగానో తింటున్న నాచులో కూడా ఒకానొక సమయంలో విషం చేరవచ్చని ఆ ఘటన చెబుతుంది. మురుగు కలిసే నగర తీరాల్లో సేకరించిన నాచును అసలే తినకూడదు. దుకాణంలో కొనే ఆహార పదార్థాల పట్టీమీద అగార్‌కు 406, క్యారజీనన్‌కు 407 అనే సంఖ్యలుంటాయి.

పెంపకానికి నారు తెచ్చుకునేటప్పుడు జాతి తెలియకపోతే ఏమవుతుంది?

కప్పాఫైకస్ మన దేశపు నాచు కాదు. 1980ల్లో గుజరాత్‌లోని ఓఖాలో, తర్వాత తమిళనాడులోని మండపంలో ప్రయోగాలు చేసి దీన్ని పెంపకంలోకి తెచ్చారు. మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి దగ్గర అది పగడాలమీదికి పాకిందని 2008లో పరిశోధకులు నమోదు చేశారు. హవాయిలోనూ పెంపకం కోసం తెచ్చిన ఈ సమూహపు నాచులు పగడపు దిబ్బలను కప్పేశాయి. అక్కడ పాకుతున్నది ఏ జాతో రూపం చూసి తేల్చలేక డీఎన్‌ఏను ఆశ్రయించవలసి వచ్చింది. నారు ఎక్కడినుంచి వచ్చిందో, ఏ జాతో, ఏ రకమో రాతపూర్వకంగా ఇవ్వనివారి దగ్గర నారు తీసుకోకండి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

నమూనాను ఎలా సేకరించి దాచాలి?

ముందు అనుమతి సంగతి చూసుకోండి. మన్నార్ సింధుశాఖ సముద్ర జాతీయ ఉద్యానవనం దీవుల్లో సేకరణ నిషిద్ధం. మిగతాచోట్ల కూడా మొక్కను అడుగుభాగంతో సహా ఒకటి రెండు మాత్రమే తీసి, మిగతావి అలాగే వదిలేయాలి.

తీసిన వెంటనే తడిగా ఉండగానే పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. తేదీ, చోటు, ఆటు రేఖ నుంచి ఎంత ఎత్తులో ఉంది, రాయా ఇసుకా, ఎండా నీడా రాసుకోండి. తర్వాత మొక్కను నాలుగు భాగాలు చేయండి. ఒకటి మందపాటి కాగితంమీద పరచి నొక్కి ఎండబెట్టడానికి. ఒకటి సముద్రపు నీటిలో కలిపిన 4 శాతం ఫార్మలిన్‌లో, కోతల కోసం. ఫార్మలిన్ ఊపిరికి, చర్మానికి హానికరం, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. ఒక చిన్న ముక్క సిలికా జెల్ పొట్లంలో, డీఎన్‌ఏ కోసం. మిగిలినది మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టి, రసాయన పరీక్షకు. నాలుగింటికీ ఒకే సంఖ్య వేయండి. బీజాలున్న మొక్క, లేని మొక్క రెండూ దొరికితే వేర్వేరు సంఖ్యలు ఇవ్వండి, కలపవద్దు.

పేరు రాసే చోట, ప్రజాతి వరకే నిర్ధారణ అయితే ప్రజాతి పేరు రాసి పక్కన ‘జాతి నిర్ధారణ కాలేదు’ అని రాయండి. ఏ గుర్తు చూసి ఆ ప్రజాతి అన్నారో కింద ఒక వాక్యం చేర్చండి. ముళ్ల వలయాలు కనిపించాయా, అడ్డుకోతలో కేంద్ర స్తంభం ఉందా, పొటాషియంతో గట్టిపడిందా అన్నవి అందులో ఉండాలి. తర్వాత ఎవరైనా ఆ కాగితం తెరిచి మిగతా పని అక్కడినుంచి కొనసాగించగలుగుతారు.